డోర్నకల్ అజరయ్యగారు - పిడికెడు బియ్యముతో కట్టిన ఆలయము

యూదా రాజైన యోవాషు దినములలో యెరూషలేము మందిరము శిథిలమై యుండెను. రాజులు రెండవ గ్రంథము పండ్రెండవ అధ్యాయమున ఆ సంగతి చదువుదుము. చిత్రమేమనగా, అక్కడ కొరతపడినది ధనము కాదు. జనులు తెచ్చుచునే యుండిరి, యాజకులు పుచ్చుకొనుచునే యుండిరి. అయినను రాజు ఏలుబడిలో ఇరువది మూడవ సంవత్సరము వచ్చువరకు గోడల పగుళ్లు పూడలేదు. అప్పుడు యెహోయాదా ఒక పెట్టె తెప్పించి, దాని మూతకు బెజ్జము చేయించి, అందరు చూచుచోట పెట్టించెను. అది నిండినప్పుడెల్ల రాజుగారి లేఖికుడును ప్రధాన యాజకుడును కలిసి లెక్కపెట్టిరి. ఒక్కరు కాదు, ఇద్దరు. ఆ ధనము వడ్రంగులకు, తాపీవారికి, రాళ్లు కొట్టువారికి నేరుగా చేరెను. పెట్టె వచ్చిన పిమ్మట పని సాగినది.

ఈ అధ్యాయము చదివినప్పుడెల్ల మాకు మన తెలుగు సంఘములలో పనిచేసిన ఒక దైవజనుడు జ్ఞాపకమునకు వచ్చును. ఆయన డోర్నకల్ బిషప్పు వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు. ఆయన గతించి ఎనుబది ఏండ్లు దాటినది. పేరు తెలియని క్రైస్తవ కుటుంబము మన ప్రాంతములలో తక్కువ. కాని ఆయనను మొదటి భారతీయ ఆంగ్లికను బిషప్పు అని మాత్రమే చెప్పుకొని ఊరకుందుము. బీదలైన విశ్వాసులకు ఇచ్చుట నేర్పిన గురువుగా ఆయనను తలంచుకొనువారు కొద్దిమంది. ఈ నెల ఆ సంగతినే వ్రాయ దలచితిమి.

కారణము లేకపోలేదు. పట్టణమునకు తూర్పున నున్న ఉప్పల్, నాచారము ఒకప్పుడు పొలముల నడుమ పల్లెలు. నేడు అక్కడ కార్ఖానాలు, ఆకాశమునంటు ఇండ్లు, తలమీద పరుగెత్తు మెట్రో రైలు. 2017లో ఆ రైలు వచ్చిన పిమ్మట గజము నేల వెల చెప్పుకొనుటకే భయము వేయును. ఇంత సంపద మధ్యను, పాత ప్రార్థన మందిరమొకటి బాగు చేయవలెనను మాట సంఘములో లేచినప్పుడు మొదట వినవచ్చు ప్రశ్న ఒక్కటే: ఎవరు ఇత్తురు? కట్టించినవారు సీమకు వెళ్లిపోయిరి గదా అని ఒకరు, ఫలానా దేశములోని మన పిల్లలకు వ్రాయుదమని ఇంకొకరు, శాసనసభ్యుని అడుగుదమని మరియొకరు అందురు. ఆ కూటమిలో కూర్చున్న కూలి మనిషిని మాత్రము ఎవరును అడుగరు. బీదవానిని అడుగుట పాపమని మన పెద్దల తలంపు. అది దయయే కావచ్చును. కాని ఆ దయ సరియైనదా కాదా యనునదే అజరయ్యగారి జీవితమంతయు ఎదుర్కొన్న ప్రశ్న.

మన చుట్టునున్న చరిత్రాత్మకమైన ఆలయములు ఎట్లు లేచినవో ముందు తలంచుకొందము. సికిందరాబాదు సెయింట్ జాన్స్ ఆలయము 1813 నాటిది. దండులోని తెల్లవారి ఆరాధన కొరకు కట్టినది. బొలారములోని హోలీ ట్రినిటీ ఆలయము 1847 నాటిది. విక్టోరియా రాణి సొంత సొమ్ముతో కట్టబడినదని ప్రసిద్ధి. మెదక్ మహాదేవాలయము పాస్నెట్ దొరగారి కష్టము. కరవు కాలమున ఆకలిగొన్నవారికి పని కల్పించి, ఆ పనికి అన్నము పెట్టి కట్టించిన ఆలయమది. 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగెను. ఎంత గొప్ప మనస్సుతో కట్టినను, ఇవన్నియు ఎక్కువగా పైనుండి వచ్చిన సహాయముతో లేచినవే. 1947లో దండులు పోయినవి, క్రమముగా మిషనరీలును పోయిరి. రాతి గోడలు, టేకు దూలములు, రంగుటద్దములు మన చేతికి వచ్చినవి. వానిని నిలుపుకొను అలవాటు మాత్రము వానితోకూడ రాలేదు.

అజరయ్యగారు 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి సీమలోని వెళ్లాళన్‌విళై అను కుగ్రామమున జన్మించిరి. తండ్రి థామస్ వేదనాయకంగారు ఆ గ్రామపు పాస్టరు. ఇది మేము ప్రత్యేకముగా గమనించుదుము: పల్లెటూరి పాస్టరు ఇంట పుట్టినవానికి సంఘపు కానుక పెట్టెలో ఎంత పడునో, ఎంత పడదో పాలు త్రాగునాటినుండి తెలియును. చిన్నవయస్సుననే తండ్రి పోగా తల్లి ఎలెనమ్మగారి క్రమశిక్షణలో పెరిగిరి. మిషను బడులలో చదివి మద్రాసు క్రైస్తవ కళాశాలకు వెళ్లిరి. పరీక్ష సమయమున జబ్బుపడి పట్టము పుచ్చుకొనకయే బయటికి వచ్చిరి. తరువాత 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు ఆయనను గౌరవ పట్టముతో సన్మానించిరి గనుక ఆ లోటు తీరినదనుకొందము.

1895 మొదలు ఆయన యౌవనుల క్రైస్తవ సంఘములో, అనగా వై. ఎమ్. సి. ఏ.లో కార్యదర్శిగా దక్షిణ దేశమంతయు తిరిగిరి. 1898లో అన్బు మరియమ్మాళ్‌గారిని వివాహమాడిరి. తిరునెల్వేలి క్రైస్తవ స్త్రీలలో కళాశాల మెట్టు మొట్టమొదట ఎక్కినవారిలో ఆమె యొకరు. ఆమె సంగతి ముందు మరల వచ్చును.

ఆయన జీవితమును మళ్లించిన ప్రయాణము 1902లో జరిగినది. ఆ యేట ఆయన సింహళములోని జాఫ్నాకు వెళ్లిరి. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత ధనముతో సువార్తికులను ఇతర ప్రాంతములకు పంపుచుండుట కన్నులార చూచిరి. సంఖ్యలో తిరునెల్వేలి క్రైస్తవులు అంతకంటె ఎంతో ఎక్కువ. నూరేండ్లకు పైబడిన సంఘములు, బడులు, ఎత్తయిన గోపురములుగల ఆలయములు వారికి గలవు. అయినను తమంతట తాముగా ఒక్క మనుష్యుని పంపియుండలేదు. ఇంటికి తిరిగివచ్చిన యువకుడు ఊరకుండలేదు. 1903 ఫిబ్రవరి 12న పాళయంకోట్టలో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టెను. 1905 క్రిస్మసు దినమున శ్రీరాంపురములో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడెను. అందును ఆయన ముఖ్యులు. ఈ రెండింటి పునాది ఒక్కటే: మనుష్యులు మన దేశమువారు కావలెను, ధనము మన దేశముది కావలెను, నిర్వాహము మన దేశమువారిదే కావలెను. ఆ దినములలో ఇది సాహసమైన మాట. డబ్బు లేని దేశీయ సంఘము మిషను నడుపుటయా అని నవ్వినవారు లేకపోలేదు.

ఆ తిరునెల్వేలి సొసైటీ ఎంచుకొన్న పొలము మన తెలుగు దేశము. నైజాము రాజ్యమున, ఇతర మిషనులు అంతగా చేరని వరంగల్లు ప్రాంతమున, డోర్నకల్ అను రైలు కూడలి. సికిందరాబాదునుండి బయలుదేరిన రైలు మన నాచారమునకు ఉత్తరమున నున్న మౌలాలి దాటి, ఘటకేసరు, కాజీపేటల మీదుగా బెజవాడకు పోవును. దారిలో డోర్నకల్ వద్ద సింగరేణి బొగ్గుగనుల వైపు చీలును. అప్పటికి అది అడవి అంచున నున్న స్థలము. మలేరియా జ్వరము, పులులు, భాష తెలియని జనము. తమిళ దేశమునుండి వచ్చిన సువార్తికులకు అది పరదేశమే.

పంపిన సొసైటీకి కార్యదర్శిగా నున్న అజరయ్యగారికి మనస్సాక్షి పొడిచెను. ఇతరులను పొమ్మనుచు తాను కూర్చుండుట ఎట్లు? 1909లో మద్రాసు బిషప్పు వైట్‌హెడ్‌గారిచేత అభిషేకము పొంది, ముప్పది యైదేండ్ల వయస్సున కుటుంబముతో డోర్నకల్ చేరిరి. తెలుగు నేర్చి తెలుగువారికి తెలుగులోనే బోధించిరి. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, విదేశ మిషనరీలు ఇచ్చిన దానములకు కృతజ్ఞత చెప్పుచునే, తమకు వారినుండి కావలసినది స్నేహమని నిర్మొగమాటముగా చెప్పి సభను కలవరపరచిరి. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ ఆలయమున బిషప్పుగా అభిషిక్తులైరి. నల్లవాని క్రింద తెల్ల గురువులు పనిచేయుదురా అని వాదములు లేచినవి. వానిని గూర్చి చరిత్రకారులు వ్రాసిరి గనుక మేము విడిచిపెట్టుచున్నాము.

ఇప్పుడు అసలు సంగతి.

ఆయన సంఘస్థులెవరు? అత్యధికులు మాల మాదిగ పల్లెలవారు. దొరల పొలములలో జీతమునకుండి, అప్పు తీరక తండ్రి తరువాత కొడుకు అదే కాడి మోయువారు. నైజాము ఇలాకాలో వెట్టి యొకటి. పటేలు రమ్మన్నప్పుడు పోవలెను, కూలి అడుగరాదు. వరి కోసినవాడే అంబలి త్రాగుచుండెను. ఇట్టి జనము వేలకొలది బాప్తిస్మము పొందుచుండగా, వారినుండి కానుక పుచ్చుకొనవలెనని బిషప్పు అనెను. చుట్టునున్నవారికి ఇది కఠినముగా తోచినది. ఇప్పుడును కొందరికి తోచును.

ఆయన ఆలోచనను మేము అర్థము చేసికొన్నంతవరకు చెప్పెదము. ఆ బీదవారు ఇచ్చుట ఎరుగనివారు కారు. వారు పుట్టినది మొదలు ఇచ్చుచునే యుండిరి: దొరకు, పటేలుకు, షావుకారుకు, కల్లు దుకాణమునకు. ఇవన్నియు భయముచేత, బలవంతముచేత, బలహీనతచేత ఇచ్చినవి. తన చేతిలోనిది తన యిష్టముచొప్పున, ప్రేమతో ఇచ్చు భాగ్యము మాత్రము వారికి ఎన్నడును దొరకలేదు. వెట్టివాడు మొదటిసారి స్వతంత్రుడుగా ఇచ్చినది దేవుని బల్లమీదనే. ఆ కానుకను వద్దనువాడు వానిని మరల పుచ్చుకొనువానిగానే ఉంచుచున్నాడు. బిచ్చము వేయుట సులభము, బిచ్చగానిని దాతగా నిలువబెట్టుట కష్టము. మాసిదోనియ సంఘములను గూర్చి పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక ఎనిమిదవ అధ్యాయము చదివినవారికి ఇది క్రొత్త బోధ కాదు. అజరయ్యగారు దానిని తెలుగు పల్లెలలో అక్షరాల నమ్మిరి, అంతే.

అయితే చేతిలో కాసు లేనివాడు ఏమి ఇచ్చును? ఇక్కడ మరియమ్మాళ్‌గారివంటి స్త్రీల పరిచర్య కనబడును. పిడికెడు బియ్యపు పద్ధతి మన సంఘములన్నిట ఎరిగినదే. పొయ్యిమీద ఎసరు పెట్టి, బియ్యము కడుగుటకు ముందు తల్లి ఒక పిడికెడు తీసి వేరుగా ఒక కుండలో వేయును. జొన్నలు తినువారు జొన్నలు వేయుదురు. ఆదివారమున ఆ కుండ గుడికి వచ్చును. అది మగవాని జేబునుండి వచ్చునది కాదు. వంట చేయు స్త్రీ చేతినుండి, ఆకలిగొన్న పిల్లల యెదుట వచ్చునది. ఆ యింట అందరు ఆ పూట ఒక ముద్ద తక్కువ తిందురు. పిల్లలు దానిని చూచుచు పెరుగుదురు. కోతకాలపు పండుగకు మొదటి పనలు, కోళ్లు, గ్రుడ్లు, గుమ్మడికాయలు, మేకపిల్లలు వచ్చును. ఆరాధన పిమ్మట వేలము. ఒక సొరకాయ నాలుగుమార్లు వేలమై నాలుగుమార్లు తిరిగి కానుకగా వచ్చుట మేమును చూచియున్నాము. అంతకంటె సంతోషకరమైన బేరము లోకములో లేదు.

పిడికెడు ఎంత అని నవ్వువారు లెక్క కట్టి చూడవలెను. నలుబది గ్రాములనుకొందము. రెండు పూటలకు ఎనుబది, నెలకు రెండున్నర కిలోలకు కొంచెము తక్కువ. అరువది ఇండ్ల సంఘములో నెలకు సుమారు ఒకటిన్నర క్వింటాళ్ల బియ్యము. ఏడాదికి పదునేడు క్వింటాళ్లు. ఏ ఇల్లును దీనిచేత దివాలా తీయలేదు.

బిషప్పుగారు ఇచ్చుట మాత్రము నేర్పి ఊరకుండినయెడల మేమును ఆయనను కఠినుడందుము. ఆయన గ్రామ సందర్శనలో నాలుగు శత్రువులను గూర్చి అడుగుచుండిరి: మురికి, రోగము, అప్పు, త్రాగుడు. అప్పును త్రాగుడును అణచక కానుక అడుగుట, చిల్లికుండలో నీళ్లు పోయుటయని ఆయనకు తెలియును. అందుచేత డయాసిస్‌లో బడులు, వైద్యశాలలు, సహకార పరపతి సంఘములు, ముద్రణాలయములు వెలసినవి. కల్లు దుకాణమునకు పోవు కాసు ఇంటిలో నిలిచిననాడు దానిలో కొంత గుడికి వచ్చుట బరువు కాదు. ఈ రెంటిని ఆయన విడదీయలేదు. మనము విడదీసితిమి, కానుకను గూర్చిన ప్రసంగము వేరు, మద్యమును గూర్చిన ప్రసంగము వేరు అయినవి. రెండవది క్రమముగా మానివేసితిమి కూడ.

ఫలితమేమి? 1935 నాటికి ఆయన డయాసిస్‌లో దాదాపు 250 మంది భారతీయ గురువులు, రెండు వేలకు పైగా గ్రామ ఉపదేశకులు ఉండిరి. 1941 నాటికి విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటినది. ఇంతమంది పరిచారకుల భారములో గ్రామ సంఘములు తమ భాగము మోయవలెనని ఆయన పట్టుపట్టిరి. విదేశపు ధనము బొత్తిగా లేదని మేము చెప్పుట లేదు, ఉండినది. కాని ఆయన దానిని ఊతకర్రగానే చూచిరి, కాళ్లుగా కాదు. బాప్తిస్మము పొందువారిచేత, చేయి తలమీద పెట్టించి, సువార్త ప్రకటింపనియెడల తమకు శ్రమయని ఒప్పుకొనునట్లు చేయించుచుండిరట. మొదటి దినముననే ఇచ్చువానిగా పుట్టవలెనని ఆయన కోరిక.

ఇక ఆలయము. డోర్నకల్‌లో ఎపిఫనీ పేరిట మహాదేవాలయము కట్టవలెనని తలపెట్టిరి. గోతిక్ శిఖరములుగల సీమ నమూనా ఆయనకు ఇష్టము లేదు. ఈ దేశపు ప్రజలు తమ ఇంటికి వచ్చినట్లు లోపలికి రావలెను. అందుచేత దక్కను మసీదులను తలపించు గుమ్మటములు, మినారులు; దక్షిణ దేశపు దేవాలయ మండపములను తలపించు రాతి స్తంభములు; వానిపై తామర, అరటిపువ్వు, ఖర్జూరపు చెట్టు మున్నగు చెక్కడములు; వీని నడుమ సిలువ. హిందువులు, మహమ్మదీయులు, క్రైస్తవులు కలిసి బ్రతుకు నైజాము రాజ్యమున ఆ కట్టడము ఒక సాక్ష్యమే. 1930 తరువాతి యేండ్లలో మతాంతరమును గూర్చి గాంధీగారికిని అజరయ్యగారికిని గట్టి భేదాభిప్రాయము వచ్చినది. ఆయనను పరదేశపు మతమునకు ప్రతినిధియని తలంచినవారు ఆ స్తంభములను ఒకసారి చూచియుండవలసినది.

పని రెండు దశాబ్దములకు పైగా పట్టినది. మెదక్ ఆలయము పదేండ్లలో లేచెను. డోర్నకల్‌ది నత్తనడక నడిచెను. ధనము ఉన్నంతవరకు కట్టుట, అయిపోయినప్పుడు ఆపుట. సగము కట్టిన గోడల మధ్య ఎన్ని వర్షాకాలములు గడచినవో! ఒక బిషప్పునకు ఇది అవమానమే. ఆయన ఇంగ్లండు, అమెరికా దేశములలో పేరుపడినవారు. గట్టిగా చేయి చాచినయెడల పని త్వరగా ముగియుననుటలో సందేహము లేదు. కాని గ్రామ పాఠశాలకు, ఉపదేశకుని జీతమునకు అడుగవలసిన చోట రాయికి అడుగుటకు ఆయన మనస్సు ఒప్పలేదని మా అభిప్రాయము. ఆలస్యము నష్టము కాదని మేము అనము. పునాది వేసిన నాడు చూచి, ప్రతిష్ఠ చూడక మట్టిలో కలిసిన ముసలివారెందరో ఉందురు. వారి పిడికెడు బియ్యమును ఆ గోడలోనే యున్నది.

ఇక్కడ పాత మందిరములను గూర్చి ఒక మాట. క్రొత్త గుడికి చందా దొరకును, పాత గుడి మఱమ్మతుకు దొరకదు. క్రొత్తదానికి శిలాఫలకముండును, పేరుండును. గట్టరు శుభ్రము చేసినవాని పేరు ఎవడు చెక్కును? కాని పాత ఆలయములు ఒక్కనాటి తుపానుకు కూలవు. మిద్దె మీద నీటి గొట్టము ఆకులతో పూడును; నీరు నిలుచును; గోడలోనికి దిగును; దూలపు కొనలు నానును; చెద పట్టును. గోపురపు పగులులో కాకి వేసిన రావి విత్తనము మొలుచును. మొదటి యేడు వ్రేళ్లతో పెరికివేయవచ్చును, పదియవ యేట రాయిని చీల్చును. మొదటి యేడు కావలసినది ఒక నిచ్చెన, ఒక పనివాడు. పదియవ యేట లక్షలు కావలెను. అప్పుడు కమిటీ వేయుదుము, రసీదు పుస్తకములు అచ్చు వేయుదుము, పెద్దల ఇండ్ల చుట్టు తిరుగుదుము.

ఇంకొకటి. సున్నముతో కట్టిన గోడకు సున్నమే మందు. మన తాతలు గానుగలో ఇసుకతో నూరిన డంగు సున్నము, కొన్నిచోట్ల బెల్లపు నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపి వాడిరి. ఆ గోడ ఊపిరి పీల్చును. లోపలి తడి బయటికి పోవును. దానిమీద సిమెంటు పూసినయెడల తడి లోపలనే చిక్కి, పెచ్చులూడి, పాత ఇటుకను తినివేయును. తొందరలో చందా పోగుచేసి, తొందరలో సిమెంటు పూసి, రంగు వేసి, పండుగకు ప్రారంభోత్సవము చేసిన ఒక పాత మందిరమును మేమెరుగుదుము. నాలుగు వర్షములకు లోపలి గోడ చెమ్మగిల్లెను. ఎంత ఖర్చయినదో ఆ సంఘమునకు నేటివరకు ఎవరును చదివి వినిపింపలేదు. మరల చందా అడిగినప్పుడు ఒక్కరును లేవలేదు. యోవాషు నాటి జనుల వలెనే వారును లోభులు కారు.

అజరయ్యగారు ఇచ్చుటను గూర్చి ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకము వ్రాసిరి. ఆయన మరణానంతరము అది ఇతర దేశములలోను అచ్చుపడి చదువబడినది. దానము సంఘపు అవసరమునుండి పుట్టదు, కృతజ్ఞతనుండి పుట్టును. అందుచేత అవసరము వచ్చినప్పుడు మాత్రమే అడుగు సంఘము తన జనులకు ఏమియు నేర్పలేదు అనునది ఆయన బోధ సారము. మొదటి కొరింథీ పత్రిక పదునారవ అధ్యాయములో పౌలు ఆదివారము ఆదివారము వేరుగా తీసి ఉంచుమన్నది ఇందుకే. గోడ పగిలిన తరువాత కాదు. పిడికెడు బియ్యపు కుండ ఏడాది పొడుగున నిండుచుండును. గట్టరు పూడినదో లేదో అది అడుగదు.

ఉప్పల్, నాచారము ఇండ్లలో ఇప్పుడు బియ్యము సంచులలో వచ్చును, కుక్కరులో ఉడుకును. కానుక ఫోనునుండి పోవును. కోశాధికారికి తప్ప ఇంకెవరికి కనబడదు. ఎడమచేతికి తెలియకుండ ఇచ్చుటకు ఇది మంచిదే కావచ్చును. కాని పిల్లలు చూడరు. తల్లి దేవునికి ఇచ్చుట ఎన్నడును చూడని బిడ్డ, పెద్దవాడై అమెరికాలో సంపాదించునప్పుడు పాత మందిరపు ఉత్తరమునకు జవాబు వ్రాయునా? వ్రాయువారు కొందరున్నారు, వారికి వందనములు. వారి తల్లులను అడిగినయెడల బియ్యపు కుండ సంగతి చెప్పుదురు. కార్ఖానాలో పండ్రెండు గంటలు నిలువబడి పనిచేయు యువకుని, ఇండ్లలో పాచిపని చేయు సహోదరిని కమిటీవారు అడుగక తప్పించుట మానవలెను. ఎంత ఇచ్చినను పుచ్చుకొని, అందరి లెక్కతో పాటు వారి లెక్కయు బల్ల యెదుట చదువవలెను.

1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగనాడు, డోర్నకల్ ఆలయము ప్రతిష్ఠింపబడెను. తూర్పుదేశపు జ్ఞానులు బంగారము, సాంబ్రాణి, బోళము తెచ్చి శిశువు ముందు పెట్టిన దినమది. ఆ పండుగ పేరు ఎందుకు ఎంచుకొనిరో వేరుగా చెప్పనక్కరలేదు. బిషప్పుగారికి అప్పటికి అరువది నాలుగేండ్లు. అటుపిమ్మట కూడ ఆయన గ్రామ సందర్శనలు మానలేదు. దక్షిణ దేశపు సంఘముల ఐక్యత కొరకు 1919లో తరంగంబాడి సభనుండి ఆయన ప్రయాసపడుచుండిరి. ఆ ఐక్యత 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘముగా నెరవేరినది. అది చూచుటకు ఆయన లేరు.

1945 జనవరి 1న, డెబ్బదియవ యేట, డోర్నకల్‌లోనే ఆయన ప్రభువునందు నిద్రించిరి. ఆలయపు ఆవరణలోనే సమాధి చేసిరి. ప్రతిష్ఠ జరిగి ఆరేండ్లు నిండుటకు అప్పటికి ఇంక ఐదు దినములు మిగిలియుండెను.